పాత కాగితాలు ఎక్కడ పెడదాం? వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా, కామన్స్: ఓరుగల్లు నుంచి ఒక పోలిక

నిరుడు వానాకాలంలో మా దగ్గరికి ఒక ఫోటో వచ్చింది. వరంగల్‌లోని అజంజాహి బట్టల మిల్లు గేటు ముందు పాతిక ముప్పై మంది కార్మికులు మూడు వరసల్లో నిలబడి దిగిన గ్రూపు ఫోటో. అంచులు చెదలు తినేశాయి. వెనకవైపు ఒక్క అక్షరం లేదు. ఫోన్‌తోనే దాన్ని ఫోటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇందులో ఎవరినైనా గుర్తుపడతారా అని అడిగాం. మూడో రోజు పొద్దున్నే కరీమాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, రెండో వరసల ఎడమ దిక్కు నుంచి నాలుగో ఆయన మా తాత. ఆ పాగా చుట్టుడు చూసే గుర్తుపట్టిన." సాయంత్రానికి ఇంకో ముగ్గురి పేర్లు తేలాయి. మా సంతోషం అంతా ఇంతా కాదు.

ఐదు నెలల తర్వాత అదే ఫోటో ఎక్కడెక్కడో తిరిగి నాకే ఫార్వర్డ్ అయి వచ్చింది. కింద ఇలా ఉంది: "కాకతీయుల కాలం నాటి అరుదైన చిత్రం, అందరికీ షేర్ చేయండి." మేం కనుక్కున్న నాలుగు పేర్లూ లేవు, మా గ్రంథాలయం పేరూ లేదు. మిల్లు పెట్టిందే 1934లో అన్న సంగతి ఆ ఫార్వర్డ్ చేసినాయనకు ఎవరు చెప్పాలి?

తాతను మనవడికి చూపించిందీ వాట్సాపే, ఆ తాతకు ఊరూ పేరూ లేకుండా చేసిందీ వాట్సాపే. అందుకే "మా దగ్గర పాత రికార్డులున్నాయి సార్, ఏ సోషల్ మీడియాలో పెడితే మంచిది?" అని ఎవరైనా అడిగితే వెంటనే యాప్ పేరు చెప్పను. పెట్టి ఏం రావాలనుకుంటున్నారని ఎదురు అడుగుతాను. ఫోటోలో ఉన్నవాళ్లెవరో తెలియాలా? మనకు చదవరాని ఉర్దూ కాగితం ఎవరైనా చదివి పెట్టాలా? కాలేజీ పిల్లలు ఒక్కసారైనా బీరువా దాకా వచ్చి చూడాలా? బూజు పట్టిన రిజిస్టరును ఏం చేయాలో తెలిసిన మనిషి దొరకాలా? ఈ నాలుగూ ఒకే చోట దొరకవు. ఇది తేల్చుకోకుండా ఒకే రోజు ఐదు చోట్ల అకౌంట్లు తెరిచినవాళ్లను చాలామందిని చూశాను. ప్రారంభోత్సవం ఫోటోలు పడతాయి, ఆగస్టు 15 శుభాకాంక్షలు పడతాయి, అక్కడితో సరి.

నా సంగతి ఒక ముక్కలో చెప్తాను. హన్మకొండలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. ఆదివారాలు, సెలవు రోజులు ఒక పాత గ్రంథాలయం కాగితాలు సర్దే చిన్న జట్టుతో గడుపుతాను. కాబట్టి కింద రాసేది పెద్ద సిబ్బంది, స్టూడియో కెమెరా ఉన్న సంస్థల కోసం కాదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక స్కానరు, ఒక ఫోన్ ఉన్నవాళ్ల కోసం.

ముందు వాట్సాప్, ఎలాగూ వదిలేది లేదు కాబట్టి

మన దగ్గర వాట్సాప్ వాడాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. ఫోటోలోని మనిషిని గుర్తుపట్టే డెబ్బై ఏళ్ల పెద్దమనిషికి ఫేస్‌బుక్ ఉండకపోవచ్చు, మనవరాలి ఫోన్‌లో వాట్సాప్ ఉంటుంది. పైగా ఉత్తర తెలంగాణలో మనుషులు ఒక్క ఊళ్లోనే ఉండరు. సిరిసిల్ల నేత కుటుంబాల్లో సగం బంధుత్వం భీవండిలో ఉంటుంది, జగిత్యాల, నిజామాబాద్ ఇళ్లలో ఎవరో ఒకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. పాత ఫోటోలో ఉన్నదెవరో చెప్పగలిగినవాళ్లు అక్కడే దొరుకుతారు. మా మిల్లు ఫోటోలో ఒకాయన పేరు చెప్పింది షార్జాలో ఉంటున్న ఆయన తమ్ముడి కొడుకు.

కానీ వాట్సాప్ ఇల్లు కాదు, బజారు. గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు, వాళ్లందరికీ అందరి ఫోన్ నంబర్లూ కనిపిస్తాయి. కొత్తగా చేరినవాళ్లకు నిరుడు జరిగిన చర్చ కనిపించదు. బయటివాళ్లు గూగుల్‌లో వెతికినా ఆ మాటలు దొరకవు. మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, ఎప్పుడు ఏ కెమెరాతో తీశారన్న వివరాలు కూడా రాలిపోతాయి. ఎవరైనా అమెరికా నుంచి "మా ఇంట్లో ఉన్న ఫోటో పంపుతున్నా" అంటే ఒకటే మాట చెప్పండి: ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి. అలా పంపితే అసలు ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది.

గ్రూపు వద్దనుకుంటే రెండు దారులున్నాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి పంపొచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. ఛానల్ పెడితే ఎంతమందైనా చేరొచ్చు, ఎవరి నంబరూ ఎవరికీ తెలియదు, గుడ్ మార్నింగ్ పూలగుత్తుల బెడద ఉండదు. ఛానల్‌తో చిక్కేమిటంటే, చదివినవాళ్లు బొటనవేలు గుర్తు పెట్టి పోతారు తప్ప "ఈయన మా తాత" అని అక్కడ రాయలేరు. మనకు కావలసిందేమో ఆ ఒక్క మాటే. కాబట్టి సమాచారం ఇవ్వడానికి ఛానల్, సమాచారం రాబట్టడానికి గ్రూపు.

ఆ కాకతీయుల ఫార్వర్డ్ తర్వాత మేం ఒక అలవాటు చేసుకున్నాం. ఏ ఫోటో బయటికి పంపినా కింద తెల్ల పట్టీ ఒకటి కలిపి, అందులోనే వివరం అచ్చు వేస్తాం. బొమ్మతో పాటే అక్షరాలు ఉంటాయి కాబట్టి ఎన్ని గ్రూపులు మారినా విడిపోవు. పట్టీలో రాసేది నాలుగే: మా రిజిస్టరు నంబరు, ఫోటోలో ఏముంది, సుమారుగా ఎప్పటిది, తెలిసినవాళ్లు ఎవరికి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ నంబరు సంస్థది ఉండాలి, మనిషిది కాదు. కత్తిరించేవాళ్లు కత్తిరిస్తారు. అయినా సగం మంది ఆ కష్టం పడరు.

ఫేస్‌బుక్: 590 కాదు, 591

ఇక్కడ నా పక్షపాతం ముందే ఒప్పుకుంటాను. ఫేస్‌బుక్ ముసలివాళ్ల యాప్ అని మా స్టూడెంట్లు నవ్వుతారు. సరిగ్గా అందుకే మనకు పనికొస్తుంది. రిటైరైన తహసీల్దార్లు, ఉర్దూ మీడియంలో చదువుకున్న ఆఖరి తరం, పాత ఊళ్ల పేర్లు తెలిసిన టీచర్లు, శాసనాలు చదివేవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు.

ఒక ఉదాహరణ చెప్తాను. గ్రంథాలయానికి వచ్చిన ఒక పాత ఉత్తరం మీద తేదీ "8 తీర్ 1347 ఫసలీ" అని ఉంది. నిజాం కాలం ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని ఎవరో చెప్పగా విన్నాం, కలిపాం, 1937 అని రాసి వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో రెండింటిలో పెట్టాం. వాట్సాప్‌లో నలభై దండాలు, పది బొటనవేళ్లు వచ్చాయి. ఫేస్‌బుక్‌లో రాత్రి పదింటికి ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి కామెంటు పెట్టారు: "590 అన్ని నెలలకు కుదరదు బాబూ. హైదరాబాద్ ఫసలీ ఆజూర్ నెలతో మొదలైతది, అంటే అక్టోబరు. ఆజూర్, దై, బహమన్ దాకా 590. ఆ తర్వాత జనవరి దాటుతది కాబట్టి 591. తీర్ అంటే మే నెల. మీ ఉత్తరం 1938ది." ఆయన కింద ఇంకొకరు పన్నెండు నెలల పేర్లూ వరసగా రాశారు. ఈ ఒక్క కామెంటుతో మా రిజిస్టరులో అప్పటికే రాసుకున్న కాగితాల తేదీలన్నీ మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

ఆ కామెంటు ఇప్పటికీ ఆ ఉత్తరం కిందనే ఉంది. వాట్సాప్‌లో వచ్చి ఉంటే ఈపాటికి పెళ్లి పత్రికల కింద ఎక్కడో పడి ఉండేది. రెండింటికీ అసలు తేడా ఇదే: ఫేస్‌బుక్‌లో మాట వస్తువుకు అంటుకుని ఉంటుంది, వాట్సాప్‌లో కొట్టుకుపోతుంది.

పేజీయా, గ్రూపా అంటే, చిన్న సంస్థ పేజీ పోస్టులు లైక్ కొట్టినవాళ్లలో కూడా కొద్దిమందికే కనిపిస్తాయి. గ్రూపులో చేరినవాళ్లు తమ ఇంట్లో ఉన్నవి కూడా తెచ్చి పెడతారు, ఒకరికొకరు జవాబు చెప్పుకుంటారు. నా మాట వింటే సంస్థ పేరుతో పేజీ ఒకటి పెట్టి, అడ్రసు, సమయాలు, ఫోన్ నంబరు రాసి వదిలేయండి. అసలు పని పబ్లిక్ గ్రూపులో చేయండి. గ్రూపులో రాజకీయం పోస్టులు రోజూ తీసేసే ఓపిక ఉన్న ఒక మనిషి మాత్రం కావాలి. ఎన్నికల ఏడాదిలో ఇద్దరు.

ఇలా జనాన్ని అడిగి వివరాలు రాబట్టడం మనం కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 జనవరిలో 3 వేలకు పైగా పాత ఫోటోలను ఫ్లికర్‌లో పెట్టింది. జనం మనుషులనీ, వీధులనీ గుర్తుపట్టి రాస్తే సరిచూసుకుని తమ కేటలాగులో చేర్చుకున్నారు. సరిచూసుకుని అన్న మాట ముఖ్యం. మా రిజిస్టరులో ఒక గడి పెంచాం: ఎవరు చెప్పారు, ఎక్కడ, ఏ రోజు. ఒకరే చెబితే పెన్సిల్‌తో రాస్తాం, ఇద్దరు వేరువేరుగా చెబితే పెన్నుతో.

పహాణీ పెడితే ఏమవుతుంది

ఏ యాప్ అన్నదానికన్నా ఏం పెట్టకూడదన్నది పెద్ద విషయం. మాకు ఇది దెబ్బ తగిలాకే తెలిసింది.

ఒక పాత పహాణీ పేజీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసే రెవెన్యూ కాగితం. చక్కటి ఉర్దూ చేతిరాత, గోధుమరంగు సిరా. రాత అందం చూపిద్దామని పెట్టాం. మర్నాడు పొద్దున గ్రంథాలయం తలుపు తీయకముందే ఇద్దరు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఒకాయనకు సర్టిఫైడ్ కాపీ కావాలట. రెండో ఆయన "అది ఎవరు పెట్టమన్నరు మిమ్మల్ని?" అని గొంతు పెంచారు. వాళ్లిద్దరూ అన్నదమ్ముల కొడుకులని తర్వాత తెలిసింది. పోస్టు అయితే తీసేశాం గానీ అప్పటికే స్క్రీన్‌షాట్లు ఊరంతా తిరిగాయి. ఒక వారం రోజులు టెన్షన్.

తెలంగాణలో పాత భూమి కాగితం జ్ఞాపకం కాదు, సాక్ష్యం. భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చినా సేత్వార్, ఖాస్రా పహాణీ లాంటి పాత భూరికార్డుల మాట వింటే ఇప్పటికీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. కాబట్టి సర్వే నంబర్లు, పట్టాదారు పేర్లు కనిపించే కాగితం ఏ యాప్‌లోనూ వద్దు. చేతిరాతే చూపించాలనుకుంటే ఒక అంగుళం ముక్క చూపించండి. బడి అడ్మిషన్ రిజిస్టర్లు కూడా అంతే. అందులో కులం, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. ఆ పిల్లలు ఇంకా మన మధ్యే తాతలుగా తిరుగుతున్నారు. ఉద్యమాల కరపత్రాలు, జైలు ఉత్తరాల విషయంలో ఇంటివాళ్లను అడగకుండా ఒక్క పేరు కూడా బయటపెట్టకండి. చాలా ఇళ్లలో ఆ సంగతులు ఇంకా గొంతు తగ్గించి మాట్లాడుకునేవే.

ఇన్‌స్టా, యూట్యూబ్, మిగతావి

పిల్లలు కావాలంటే ఇన్‌స్టాగ్రామ్. దీని మీద నాకు మొదట్లో చులకన ఉండేది. ఒకసారి శాసనం నకలు తీసే పద్ధతిని మా విద్యార్థిని ఒకమ్మాయి రీల్ చేసింది. రాయిని కడగడం, తడి కాగితం పరవడం, బ్రష్‌తో కొట్టి అక్షరాల గుంటల్లోకి కాగితాన్ని దించడం, సిరా గుడ్డతో అద్దడం, నల్ల కాగితం మీద తెల్లగా తెలుగు అక్షరాలు తేలడం. అర నిమిషం. ఆ వారం ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఆరుగురు "మేమూ నేర్చుకోవచ్చా మేడం?" అని ఆ అమ్మాయినే వెతుక్కుంటూ వచ్చారు. రక్షిత కట్టడాల దగ్గర ఇలాంటిది పురావస్తు శాఖ అనుమతి లేకుండా చేయకూడదని ఆ రీల్ కిందే రాయించాం. లేకపోతే వేయిస్తంభాల గుడి దగ్గర ఎవరో బకెట్‌తో ప్రత్యక్షమవుతారు.

ఇన్‌స్టాలో వస్తువు కన్నా పని బాగా ఆడుతుంది. కాగితం చూపిస్తే వేలు పైకి జరుపుతారు, కాగితాన్ని బాగు చేస్తున్న చేతులు చూపిస్తే ఆగుతారు. ఒక పోస్టులో 20 బొమ్మల దాకా వరసగా పెట్టొచ్చు. పాత ఆల్బం పేజీలు తిప్పినట్టు పెట్టడానికి అది చక్కగా సరిపోతుంది. కానీ కింద రాసే వివరంలో లింకు ఇస్తే నొక్కినా తెరుచుకోదు. అందుకని చూసినవాళ్లు చూసి వెళ్లిపోతారు, లోతుకు రారు. జట్టులో ఇరవై ఏళ్ల వాళ్లు ఒకరైనా లేకపోతే ఇన్‌స్టా జోలికి వెళ్లొద్దు. మా వయసువాళ్లం చేసిన రీల్స్ మేమే చూడలేకపోయాం.

యూట్యూబ్ ఒకే పనికి, పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి పెట్టడానికి. గంటన్నర మాట్లాడిన మిల్లు కార్మికుడి మాటలు ఇంకెక్కడా సరిపోవు. కింద వివరంలో 0:00 నుంచి మొదలుపెట్టి ఏ నిమిషంలో ఏ సంగతి అన్నది రాస్తే వీడియో అధ్యాయాలుగా విడిపోతుంది, సమ్మె గురించి కావలసినవాళ్లు నేరుగా సమ్మె దగ్గరికి వెళ్తారు. రికార్డు చేసేటప్పుడే "ఇది ఇంటర్నెట్‌లో పెడతాం, మీకు సమ్మతమేనా?" అని అడిగి ఆ జవాబు కూడా రికార్డు చేయండి. వెంటనే పబ్లిక్ చేయకుండా అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టి, ముందు వాళ్ల పిల్లలకు లింకు పంపడం మా పద్ధతి. రెండుసార్లు పిల్లలు కొన్ని నిమిషాలు తీసేయమన్నారు, తీసేశాం.

ఎక్స్ (పాత ట్విటర్) గురించి ఎక్కువ రాయను. తెలుగులో రాసేవాళ్లకు అది ఇరుకు. ఉచిత అకౌంటుకు 280 అక్షరాలంటారు, కానీ అది లెక్కపెట్టేది ఒత్తునూ గుణింతాన్నీ విడివిడిగా. "స్త్రీ" అని రాస్తే మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. పైగా అకౌంటు లేనివాళ్లకు పోస్టులన్నీ సరిగా కనిపించవు. జిల్లా అధికారులకో, జర్నలిస్టులకో ఏదైనా చూపించాలంటే పనికొస్తుంది. ఇక టెలిగ్రామ్‌లో 2 జీబీ దాకా ఫైలు పంపొచ్చు, కొత్తగా చేరినవాళ్లకూ పాతవి కనిపించేలా పెట్టొచ్చు. సాంకేతికంగా చూస్తే వాట్సాప్ కన్నా మెరుగే. కానీ మన దగ్గర టెలిగ్రామ్ అంటే గ్రూప్-1, గ్రూప్-2 నోట్సులు, దొంగ పీడీఎఫ్‌లు. పెద్దవాళ్లు అక్కడికి రారు.

పెట్టడం వేరు, ఇచ్చేయడం వేరు

వికీపీడియాకు బొమ్మలు అందించే ఉచిత భాండారం వికీమీడియా కామన్స్. అది సోషల్ మీడియా కాదని కొందరు వాదిస్తారు. కాకపోవచ్చు. కానీ రామప్ప గురించి తెలుగు వికీపీడియాలో చదివే పిల్లవాడికి మీ దగ్గరున్న పాత ఫోటో కనిపించాలంటే దారి అదే. ఫోటో ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిదన్న వివరం దాని పేజీలోనే ఉంటుంది, గూగుల్‌కు దొరుకుతుంది, అసలు సైజులో ఉంటుంది. పైన చెప్పిన యాప్‌లలో ఏదీ ఈ మూడూ కలిపి ఇవ్వదు. సందేహం వస్తే తెలుగు వికీపీడియాలో రచ్చబండ అనే పేజీ ఉంది, అక్కడ రాస్తే తెలిసినవాళ్లు జవాబిస్తారు. ఆ పేరు పెట్టినవాళ్లకు దండం.

అయితే కామన్స్‌లో పెట్టడమంటే లోకానికి ఇచ్చేయడం. అమ్ముకునేవాళ్లతో సహా ఎవరైనా వాడుకోవచ్చు, ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేం. కాబట్టి కాపీరైట్ లెక్క ముందు చూసుకోవాలి. మన దేశంలో రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2014 జనవరి 1 నుంచి స్వేచ్ఛగా ఉన్నాయి. కాళోజీ 2002లో పోయారు, కాబట్టి ఆయన కవిత 2062 ఆఖరుదాకా వారసుల హక్కే. సెప్టెంబరు 9న భాషా దినోత్సవం అని ఆయన చేతిరాత కాగితం ఎవరో ఇస్తే సంబరంగా పైకెక్కించే ముందు ఈ లెక్క గుర్తుండాలి. కాగితం మీ బీరువాలో ఉన్నంత మాత్రాన అందులోని మాటల మీద హక్కు మీకు రాదు. ఈ ఒక్క విషయం చెప్పడానికి నాకు ఏడాదికి పది ఫోన్లన్నా వస్తాయి.

ఆదిలాబాద్ వైపు పనిచేసేవాళ్లకు ఒక మాట. గుంజాల గ్రామంలో దొరికిన గోండీ రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలకు వాడే ప్రమాణంలోకి వచ్చింది. అంటే ఫోన్‌లో ఫాంటు ఉంటే గోండీ కాగితం కింద గోండీ లిపిలోనే వివరం రాయొచ్చు. తెలుగులో మాత్రమే రాసి ఊరుకోకండి.

తోటివాళ్లు దొరికే చోటు

జనాన్ని రప్పించడం ఒక పని, మనలాంటి పని చేసేవాళ్లను వెతుక్కోవడం ఇంకో పని. రెండో దానికి ఫేస్‌బుక్ గ్రూపు అంతగా పనికిరాదు. బూజు పట్టిన రిజిస్టరు ఫోటో పెట్టి ఏం చేయాలని అడిగితే "ఎండలో పెట్టండి", "డెట్టాల్ రాయండి" అని ముప్పై సలహాలొస్తాయి. రెండూ తప్పే. ఎండకు కాగితం పెళుసెక్కి విరిగిపోతుంది, డెట్టాల్ తడికి సిరా పాకుతుంది.

ఇలాంటి ప్రశ్నకు లింక్డ్‌ఇన్ మేలు. తెలుగు అక్కడ తక్కువ, ఇంగ్లీషులో అడగాల్సి వస్తుంది, అందరూ తమ ప్రమోషన్ల గురించే రాసుకుంటారు. అయినా కాగితం బాగుచేసే కన్జర్వేటర్లు, ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారం (పాత రికార్డులు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్) నడిపే స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో చదివినవాళ్లు, కంపెనీల ఆర్కైవ్స్‌లో పనిచేసేవాళ్లు అక్కడ పేరుతో, ఉద్యోగంతో దొరుకుతారు. జవాబు చెప్పేది ఎవరో తెలుస్తుంది కదా, అదే కావాలి. మన దేశంలో ఆర్కైవ్స్ మీద ఆసక్తి ఉన్నవాళ్లను కలిపే మిల్లీ అనే బృందం కూడా ఉంది. ఆన్‌లైన్‌లో వాళ్లు నడిపే చర్చలు విన్నాక, చిన్న ఊళ్లో ఒంటరిగా బీరువా సర్దుతున్న మనిషికి తానొక్కడే కాదని తెలుస్తుంది.

అక్కడ పరిచయమైనవాళ్లతో తర్వాత ఎనిమిది పది మంది వాట్సాప్ గ్రూపు. ఇందులో కొత్తవాళ్లను చేర్చే తొందర వద్దు. వరంగల్, కరీంనగర్, మంథని, నిజామాబాద్ నుంచి ఒక్కొక్కరు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ దారి తెలిసినవాళ్లు ఒకరు, ఫారసీ చదివేవాళ్లు ఒకరు ఉంటే చాలు. మా అలాంటి గ్రూపులో నెలకు పది మెసేజీలు కూడా రావు. వచ్చిన ప్రతి మెసేజీకి జవాబు ఉంటుంది.

ఏడాదికి ఒక్కసారి అందరూ కలిసి పోస్టు చేయడానికి జూన్ 9 మంచి రోజు, అంతర్జాతీయ ఆర్కైవ్స్ దినం. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి 1948లో ఆ రోజే ఏర్పడింది. అక్టోబరులో అమెరికా ఆర్కైవిస్టుల సంఘం "ఆస్క్ యాన్ ఆర్కైవిస్ట్" అని ఒక రోజు జరుపుతుంది, ఆ రోజు ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆర్కైవిస్టులు జవాబు చెప్తారు. ఎక్స్ అకౌంటు ఉంటే ఆ రెండు రోజులకైనా దుమ్ము దులపండి.

ఇక మీకేది అంటే: ఇంట్లో తాతగారి ట్రంకుపెట్టె ఒక్కటే ఉన్నవాళ్లు ఏ అకౌంటూ తెరవకండి, మీ ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో పది ఫోటోలు పెట్టి చూడండి. గ్రంథాలయమైతే ఫేస్‌బుక్ గ్రూపు, దానికి జనాన్ని తెచ్చే వాట్సాప్ ఛానల్, కాపీరైట్ తీరినవాటికి కామన్స్. కాలేజీకైతే ఇన్‌స్టా, కానీ బాధ్యత ఏటా జూనియర్ల చేతికి మారేలా రాసి పెట్టుకోవాలి. గుళ్లు, మఠాలకు యూట్యూబ్ ఎలాగూ ఉంటుంది, ఉత్సవాల వీడియోల మధ్య రాగిరేకుల గురించి ఐదు నిమిషాలు పెట్టమని అర్చకస్వామిని ఒప్పించండి.

ఏది ఎంచుకున్నా అసలు స్కాన్ ఫైళ్లు మీ హార్డ్ డిస్కులో ఉండాలి, ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. ఫోటోలైతే 600 డీపీఐ. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అందులో మా బ్యాచ్ హనుమకొండ ఫోటోలు ఎన్నో పోయాయి. టిక్‌టాక్ 2020 జూన్ 29న ఒక్క రాత్రిలో ఆగిపోయింది.

పాస్‌వర్డు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. మాకు తెలిసిన ఒక సంస్థ పేజీకి వేల మంది ఫాలోవర్లున్నారు. దాన్ని పెట్టిన కుర్రాడు జర్మనీ వెళ్లాడు, ఆ ఫోన్ నంబరు ఇప్పుడు వేరేవాళ్లది. ఇప్పటికీ ఆ పేజీలో పైన కనిపించేది మూడేళ్ల కిందటి బతుకమ్మ శుభాకాంక్షలే. మా గ్రూపుకు ముగ్గురం అడ్మిన్లం, సంస్థ పేరు మీద తీసుకున్న సిమ్ము ఒకటి, పాస్‌వర్డు కాగితం మీద రాసి గ్రంథాలయం బీరువాలో, రిజిస్టరు అట్ట లోపల. బీరువా తాళం ఎవరి దగ్గరుందని మాత్రం అడక్కండి, దాని మీద పోయిన ఆదివారం కూడా గొడవైంది.